ఎనిమిది ప్లేట్ల ఇంధనం

సర్కారు అన్న మాటలో ‘సర్’ ముందొస్తారు, ‘కారు’ వెనకొస్తుంది. మా ఆఫీసులో మాత్రం కారు ముందొచ్చింది, సారు తరవాత వచ్చారు. కారు లారీ మీద వచ్చింది. సారు బస్సులో వచ్చారు. కరెంటు కారూ, దాన్ని ఏలే సారూ ఇద్దరూ డీజిలు తాగే బళ్ళెక్కి వచ్చారన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. తట్టినా మాది సర్కారు ఆఫీసు గనక ఎవరూ పైకి అనరు.

మాది పెదసంతలంకలో ఉన్న జిల్లా మితవ్యయ కార్యాలయం. మిగతా ఆఫీసులకి పొదుపు నేర్పడం మా పని. ఆ నేర్పడానికి ఏటా ఎంత ఖర్చవుతుందో చెబితే మీకు పొదుపు మీదే నమ్మకం పోతుంది గనక చెప్పను. నేను అక్కడ సూపరింటెండెంటుని.

ఆ ఏడాది డీజిలు ధర రోజుకో మెట్టు ఎక్కుతోంది. ‘ధర’ అంటే భూమి అని కూడా అర్థం ఉందిట గానీ, ఈ ధరకి భూమ్మీద కాలు ఆనడం లేదు. ‘ఇంధనం’ అన్న మాటే చూడండి. అందులోంచి ధనం తీసేస్తే మిగిలేది ‘ఇం’ ఒక్కటే. ఇంకా, ఇంకా అంటుంది. దాంతో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయములన్నియు విద్యుత్ వాహనములకు మారవలెను. ఆదర్శప్రాయముగా మితవ్యయ శాఖ ప్రప్రథమముగా మారవలెను. కార్యాలయ ముఖద్వారము వద్ద మార్చి నెలాఖరులోగా చార్జింగు కేంద్రమొకటి నిర్మింపవలెను.

వచ్చిన చిక్కల్లా ముఖద్వారం దగ్గర అప్పటికే ఒక కేంద్రం ఉండడం. గనిశెట్టి వరాలమ్మ ఇడ్లీ బండి. పేరుకి బండే గానీ దాని చక్రాలు ఎప్పుడో నేలలో కూరుకుపోయాయి. ఆ ఇడ్లీ గురించి చెప్పడం బాగుండదు, తినడం బాగుంటుంది. మా ఆఫీసులో పదకొండింటి దాకా సంతకాలు పడవంటే కారణం బద్ధకం కాదు, వరాలమ్మ గిన్నెలో పదిన్నర దాకా వేడి ఇడ్లీ ఉండటం. చెప్పులరిగేలా తిరిగి ఆవిడ తన పేర దుకాణం మీటరు కూడా వేయించుకుంది. అలాంటి బండిని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్న నోటీసు నా చేతుల మీదుగానే ఇచ్చాను. ఇచ్చి, అక్కడే నిలబడి రెండు ఇడ్లీ చెప్పాను.

“సూపర్నెంటు గారూ, ఇడ్లీ పెట్టే చేత్తో కాయితం పుచ్చుకోమంటారేంటండీ?” అంది వరాలమ్మ. “ఈ బండి పీకేత్తే నేనూ మా ఆయనా ఏం తినాలండి? ఈ కాయితం చెట్నీలో నంజుకోమంటారా?”

“ఉత్తర్వు నాది కాదమ్మా, పైవాళ్ళది.”

“పైవోళ్ళు ఇడ్లీ తినరేంటండి?”

నేను ఇడ్లీ తుంచి చెట్నీలో ముంచాను. చెట్నీ మాత్రం ఎప్పటిలాగే ఉంది. బండి పోతే నేనేమవుతానో అని నాకూ దిగులుగానే ఉంది, ఎందుకంటే మా ఇంట్లో పొద్దున్న పూట పెట్టేది పెరుగన్నం.

కొత్తగా వచ్చిన జిల్లా మితవ్యయాధికారి శ్రీ గుడిమెళ్ళ పరాంకుశం గారు మంచి ముహూర్తం చూసి చార్జి తీసుకున్నారు. కారు మాత్రం చార్జి తీసుకోలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, గుమ్మడికాయ కొట్టాం, దండలేశాం. ఊరు ఒక చుట్టు తిరిగొచ్చేసరికి బ్యాటరీ ఖాళీ. సారు దిగి, “ప్లగ్గులో పెట్టండి” అన్నారు.

“కుదరదండి” అని వెనకనుంచి వినబడింది.

ఆ గొంతు మా అకౌంటెంటు కొవ్వూరి తాతబ్బాయిది. పేరులో తాతా ఉన్నాడు, అబ్బాయీ ఉన్నాడు. మనిషి మాత్రం ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటాడు. అతనికి పద్దు అంటే ముద్దు. ఏ పద్దు కింద వచ్చిన డబ్బు ఆ పద్దు కిందే ఖర్చవ్వాలి. చీపురుకని వచ్చిన డబ్బుతో చేట కొన్నారంటే అతనికి అన్నం సయించదు.

“ఆఫీసు కరెంటు పద్దులో ‘దీపములు, పంఖాలు’ అని ఉందండి” అన్నాడు తాతబ్బాయి. “కారు దీపం కాదండి. పంఖా అసలే కాదండి.”

“కారుకి దీపాలున్నాయి కదయ్యా!”

“ఆ దీపాల మటుకు చార్జి పెట్టుకోవచ్చండి. చక్రాలకి కుదరదు.”

ఆ లెక్కన వారం రోజులు మా కారు కదలకుండా నిలబడి పట్టపగలు దీపాలు వెలిగించింది. చూసినవాళ్ళు సర్కారు వెలుగు బాటలో ఉందనుకున్నారు.

“పోనీ డబ్బు ఏ పద్దులో ఉంది?” అని అడిగారు సారు.

“‘వాహన ఇంధనము, డీజిలు’లో నిండుగా ఉందండి. మార్చిలోగా తగలెయ్యకపోతే వెనక్కి పోద్దండి. ఒకసారి వెనక్కి పోయిందంటే వచ్చే ఏడు ఆ మేరకి కోసేత్తారండి.”

తగలెయ్యడం అన్న మాట డీజిలుకి అమరినంత బాగా మరి దేనికీ అమరదు.

సారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. పెద్ద నిర్ణయాలన్నీ ఆయన కిటికీ దగ్గరే చేస్తారు. “పొదుపు శాఖ నిధులు తగ్గిపోవడమా! అంతకన్నా అప్రతిష్ఠ ఏముంది? మనం ఈ అంశాన్ని సానుకూల దృక్పథంతో పరిశీలించాలి. డీజిలు ఉంది. కరెంటు కావాలి. డీజిలు పోస్తే కరెంటునిచ్చే యంత్రం ఏదైనా లోకంలో ఉందా?”

ఉంది. జనరేటరు. అద్దెకి వచ్చింది. దాంట్లో డీజిలు పొయ్యబోతుంటే తాతబ్బాయి మళ్ళీ అడ్డం వచ్చాడు.

“పద్దులో ‘వాహనము’ అని ఉందండి. జనరేటరుకి చక్రాల్లేవండి.”

అందుకని వేలానికి సిద్ధంగా ఉన్న పాత జీపుని కారు వచ్చిన పదిరోజులకి మళ్ళీ పైకి లాగాం. జనరేటరుని జీపులో ఎక్కించి, జీపు ట్యాంకు లోంచి దానికి గొట్టం పెట్టాం. ఇప్పుడు డీజిలు వాహనంలోనే పోస్తున్నట్టు. తాతబ్బాయి శాంతించాడు. జీపు డ్రైవరు ఏసుపాదం మాత్రం బుర్ర గోక్కున్నాడు.

“చార్జింగు వైరు తగిలించి ఉండగా కారు కదలదండి బాబూ. సారు బయల్దేరతానంటున్నారు మరి.”

“కదలకపోతే కదిలించాలి” అన్నారు సారు. అదీ దృక్పథమే.

అలా కొత్త కారుని పాత జీపుకి తాడుతో కట్టాం. ముందు జీపు, అందులో దడదడలాడే జనరేటరు, వెనక వైరు, వైరు పక్కన తాడు, తాడు చివర కారు, కారు వెనక సీట్లో సారు. జీపు నడపడానికి ఏసుపాదం ఉన్నాడు. పేరుకి తగ్గట్టు పాదం ఆక్సిలేటరు మీంచి తియ్యని మనిషి. కారు స్టీరింగు పట్టుకోవడానికి మనిషి కావలసివచ్చి నన్ను కూచోబెట్టారు. నాకు డ్రైవింగు రాదని విన్నవించుకున్నాను. కారు నడవదు గనక అది అభ్యంతరం కాదన్నారు.

మొదటిరోజు సంతలో ఒక పెద్దాయన పక్కకి తప్పుకుని, చెప్పులు విప్పి, చేతులు జోడించి, “ఏ అమ్మోరి ఊరేగింపండీ?” అని అడిగాడు. వెనక సీట్లోంచి సారు చెయ్యెత్తి దీవించారు. మర్నాడు అదే చోట ఇద్దరు ఆడవాళ్ళు జీపు ముందు నీళ్ళు వారపోశారు. మూడోనాటికి బాజావాళ్ళు వచ్చి బేరమడిగారు.

వరాలమ్మ బండి ముందునుంచే మా ఊరేగింపు రోజూ బయల్దేరేది.

“కరెంటుతో నడుత్తాదన్నారు, తాడుతో నడుత్తాదేంటండీ మీ కారు?” అంది ఆవిడ, పొగలోంచి. “నా ఇడ్లీలు నల్లగా వత్తన్నాయండి బాబూ! జనం రాగి ఇడ్లీలనుకుని ఎక్కువిత్తున్నారు గాబట్టి సరిపోయింది.”

ఆ నెలలోనే మా పొదుపు నివేదిక తయారయింది. సారు లెక్క తేలిక. కారు తిరిగిన దూరానికి డీజిలు కారయితే ఎంత తాగేదో, అంత మిగిల్చినట్టు. కాబట్టి తిరిగిన కొద్దీ పొదుపు. సారు పొద్దున్నే బయల్దేరి పొద్దుగుంకేదాకా పొదుపు చేసేవారు. డీజిలు ధర పెరిగితే మిగిల్చిన డీజిలు విలువ కూడా పెరుగుతుంది గనక పెరిగిన ప్రతిసారీ ఆఫీసులో లడ్డూలు పంచేవారు.

“పెరిగిందా? శుభం! ఈ పూట మన పొదుపు కూడా పెరిగింది.”

“జీపులో పోసేది కొంటున్నాం కదండీ?” అన్నాను ఒకసారి, లడ్డూ నోట్లో ఉండగా.

“అది జీపు ఖర్చు. నేను మాట్లాడేది కారు పొదుపు గురించి. రెండూ కలిపి చూస్తే ఆశయం దెబ్బతింటుంది సూపరింటెండెంటు గారూ.”

బయటేమో ఇడ్లీ ప్లేటు నలభై అయింది.

“నలభయ్యా!” అన్నాను వరాలమ్మతో.

“మినప్పప్పు లారీలో వత్తాదండి. లారీ డీజిలు తాగుద్ది. గ్యాసు సంగతి ఎత్తకండి, కళ్ళంట నీళ్ళొత్తాయి. డీజిలు పెరిగిందని మీ సారుగారు లడ్డూలు పంచుతున్నారంటగా? నాకో బుట్టెడు పంపించమనండి. ఇడ్లీ మానేసి అయ్యే అమ్ముకుంటాను. ఎలాగూ నెలాఖరుకి నన్ను లేపేత్తారు కదా.”

ఆ మాటకి ప్లేటు పక్కన పెట్టేద్దామనుకున్నాను. అయినా మింగాను. నలభై రూపాయలు మరి.

మా నివేదిక రాజధానికి చేరింది. డీజిలు వాడకము సున్న, తిరిగిన దూరము అపారము అని చదివి, రాష్ట్ర మితవ్యయ కమిషనరు గారు మురిసిపోయారట. మార్చి ముప్పై ఒకటిన స్వయంగా వచ్చి, కారెక్కి ఊరు తిరిగి, ముఖద్వారం దగ్గర చార్జింగు కేంద్రానికి శంకుస్థాపన చేస్తామన్నారు. వరాలమ్మ గడువు కూడా ఆ రోజే.

ఆ రోజు పొద్దున్న శిలాఫలకం వచ్చింది. గునపాలతో మనుషులు వచ్చారు. వరాలమ్మ గరిటె పట్టుకుని బండికి అడ్డంగా కూచుంది. “నా మీద శంకుస్థాపన చేసుకోండి” అంది. అప్పుడే ఏసుపాదం ఖాళీ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు.

“డీజిలు లేదండి. బంకుకి డబ్బులడిగితే పద్దులో డబ్బయిపోయిందంటన్నారు తాతబ్బాయి గారు.”

ధర పెరిగీ పెరిగీ, మా పొదుపు పెరిగీ పెరిగీ, పద్దు ఖాళీ అయింది.

“అరువడగండి” అన్నారు సారు.

“అడిగానండి. ‘మీరు పొదుపు ఆఫీసోళ్ళు, మీకిత్తే తిరిగి రాదు’ అన్నాడండి బంకాయన.”

కమిషనరు గారు ఏరు దాటారని ఫోనొచ్చింది. మహా అయితే రెండు గంటలు. కారు చూస్తే దీపాలు కూడా వెలిగించే స్థితిలో లేదు. ఏసుపాదం చూపు మెల్లిగా వరాలమ్మ బండి మీదికి మళ్ళింది. బండి మీదికి కాదు, బండి వెనక ఉన్న గ్రైండరు ప్లగ్గు మీదికి. మేమందరం అటే చూశాం. అవసరం ప్లగ్గులో ఉన్నప్పుడు సిగ్గుపడకూడదు.

సారు చార్జి తీసుకున్నాక మొదటిసారి ఆ బండి దగ్గరికి నడిచి వెళ్ళారు. “అమ్మా వరాలమ్మా, విస్తృత ప్రజాప్రయోజనం దృష్ట్యా...”

“దృష్టి సంగతి తరవాతండి. నా బండి పీకడానికి గునపాలు తెచ్చి, నా కరెంటే అడుగుతున్నారా? గ్రైండరు ఆపితే రేపటి పిండి ఎవరు రుబ్బుతారండి? మీరు రుబ్బుతారా?”

సారు తన చేతుల వంక చూసుకున్నారు.

“ఎనిమిది ప్లేట్లు అమ్ముకున్నంత డబ్బు చేతిలో పెట్టండి. పెట్టుకోండి ప్లగ్గు. అరువు లేదు.”

అందరం తాతబ్బాయి వంక తిరిగాం. అతను కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. విష్ణుసహస్రనామం చదివినట్టు పద్దులన్నీ వరసగా చదువుకుంటున్నాడు. చటుక్కున కళ్ళు తెరిచాడు.

“‘సమావేశము, అల్పాహారము’ పద్దులో ఉందండి!”

“కానీ మనం కొనేది కరెంటయ్యా.”

“ఆవిడ చెప్పిన లెక్క ఇడ్లీయేనండి. ఎనిమిది ప్లేట్లు. ‘సమావేశమునకు హాజరగువారికి’ అని ఉంది గానీ, హాజరయ్యేది మనిషే కావాలని ఎక్కడా లేదండి.”

“కారు హాజరవుతుందంటావా?”

“కారు రాకపోతే అసలు సమావేశమే లేదండి.”

“సాంబారుతోనా, ఉత్తిదేనా?” అంది వరాలమ్మ.

“తేడా ఏమిటి?”

“సాంబారుతో అయితే పెద్ద ప్లగ్గులో పెడతానండి. తొరగా ఎక్కుద్ది. పది రూపాయలెక్కువ.”

“ఉత్తిదే” అన్నారు సారు, రొమ్ము విరుచుకుని. “మనది మితవ్యయ శాఖ.”

కమిషనరు గారు వచ్చేసరికి కారు కడుపు సగం నిండింది. ఊరు ఒక చుట్టు తిరగడానికి చాలు. తాడు విప్పేశాక ఏసుపాదమే నడిపాడు. పొగ లేదు, చప్పుడు లేదు, జీపు లేదు. సంతలో ఎవరూ దణ్ణం పెట్టకపోవడం సారుకి కొంచెం వెలితిగా అనిపించినట్టుంది గానీ, కమిషనరు గారు మాత్రం పెళ్ళికొడుకులా దిగారు.

“అద్భుతం. ఈ ప్రయాణానికి అయిన ఇంధన వ్యయమెంత?”

తాతబ్బాయికి చాలా విద్యలొచ్చు గానీ అబద్ధం రాదు.

“డీజిలు సున్నండి. కరెంటు సున్నండి. ఇడ్లీ ఎనిమిది ప్లేట్లండి.”

వరాలమ్మ గిన్నె మూత టకటకలాడింది. కమిషనరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“ఈ కారు... ఇడ్లీతో నడుస్తుందా?”

పరాంకుశం గారి ముందు రెండు దారులున్నాయి. నిజం చెప్పడం, నివేదిక చెప్పడం. ఆయన నివేదిక చెప్పారు.

“తమరి దార్శనికత వల్ల నడుస్తోంది సార్.”

కమిషనరు గారు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచారు. ఆయనకి దగ్గర్లో కిటికీ లేదు పాపం.

“డీజిలు విదేశాల నుంచి తెచ్చుకుంటున్నాం. ఇడ్లీ తెచ్చుకుంటున్నామా?”

“లేదు సార్.”

“ఇడ్లీ కోసం సముద్రంలో బావులు తవ్వాలా?”

“అక్కర్లేదు సార్. గిన్నె చాలు.”

“మిగిలిపోతే?”

“ఉప్మా చేసుకోవచ్చండి” అన్నాను నేను, ఉండబట్టలేక.

“చూశారా! డీజిలు మిగిలితే ఉప్మా చెయ్యగలమా? రాష్ట్రమంతటికీ ఇది మార్గదర్శకం. వెంటనే ప్రతిపాదనలు పంపించండి.”

ఈ సంబరంలో గునపాలవాడొకడు ముందుకొచ్చి, “బాబుగారూ, బండి పీకెయ్యమంటారా?” అని అడిగాడు. వరాలమ్మ గరిటె పైకి లేచింది. నా ప్రాణం పెరుగన్నంలోకి జారింది.

“ఆగండాగండి!” అన్నాడు తాతబ్బాయి. “ముఖద్వారం దగ్గర చార్జింగు కేంద్రం ఒకటి ఉండాలని గదండి ఉత్తర్వు. ముఖద్వారం దగ్గరే గదండి కారు చార్జి అయింది. అంటే కేంద్రం ఉన్నట్టే. ఉన్నదాన్ని పీకి కడితే అది రెండో కేంద్రం అవుద్దండి. పద్దులో ఒకటే ఉందండి.”

కమిషనరు గారు తల పంకించి, శిలాఫలకాన్ని బండికి ఆనించి నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టారు. వరాలమ్మ ఆ రెండు చిప్పలూ చెట్నీకి పట్టుకుపోయింది. పోతూ పోతూ నాతో, “పైవోళ్ళు ఇడ్లీ తినరేంటని అడిగానే గానీ, ఇలా తింటారని నాకేం తెల్సండి?” అంది.

బండి నిలిచింది. ఆ పూట ఆఫీసంతా మూడేసి ప్లేట్లు తిన్నాం. కథ అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఇప్పుడు కడుపు నిండా కూచుని రాస్తూ ఉండేవాణ్ణి.

ఏప్రిల్లో జీవో వచ్చింది. రాష్ట్రంలోని విద్యుత్ వాహనములన్నిటికీ రోజుకు ఎనిమిది ప్లేట్ల ఇడ్లీ, సాంబారు లేకుండా, ఇంధనముగా కేటాయించడమైనది. డీజిలు పద్దు రద్దు. ఇడ్లీ ఇంధనమైపోయింది గనక దాని ధర కూడా రోజూ ఉదయం ఆరింటికి సవరిస్తున్నారు. ఎప్పుడూ పైకే సవరిస్తున్నారు. మేలో ఆడిట్‌వాళ్ళు దిగారు. ఇన్ని ప్లేట్లు కొన్నారు సరే, ఒక్క ఇడ్లీ అయినా కారుకి అందినట్టు దాఖలా ఏదీ అని నిలదీశారు. దాంతో వండిన ఇడ్లీ వండినట్టు కారు డిక్కీలో పెట్టి, కారుని కరెంటులో పెట్టడం మొదలయింది. సాయంత్రానికి పాతవి తీసి ఆవులకి వేస్తారు. ఊళ్ళో ఆవులు నిగనిగలాడుతున్నాయి.

నిన్న పొద్దున్న ఆకలితో బండి దగ్గరికెళ్ళాను.

“వరాలమ్మా, రెండు ఇడ్లీ.”

“లేవండి బాబూ.”

“గిన్నె నిండా ఉన్నాయిగా?”

“అయ్యి బళ్ళవండి. తాసీల్దారు గారిది ఒకటి, నీళ్ళ ఆఫీసుది ఒకటి, మీ సారుగారిది ఒకటి. కార్లు తినగా మిగిల్తే మీకు.”

“ఇన్నేళ్ళుగా తింటున్నవాణ్ణి...”

“నాకు మటుకు ఇట్టమాండీ? మనిసికి అమ్మితే ఇంధనం పక్కదారి పట్టించానని కేసంటండి.”

నేను కారు వైపు నడిచాను. డిక్కీ తెరిచి ఉంది. ఎనిమిది ప్లేట్లు పొగలు కక్కుతున్నాయి. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

“సార్!” అన్నాడు తాతబ్బాయి కిటికీలోంచి. “అది పద్దుది!”

చెయ్యి వెనక్కి వచ్చింది. వరాలమ్మ అటూ ఇటూ చూసి, నన్ను గోడ పక్కకి రమ్మని సైగ చేసింది.

“సీసా ఏదన్నా తెచ్చుకున్నారాండీ?”

నీళ్ళ సీసా ఉంది. ఒంపేసి ఇచ్చాను. కొంగు చాటున దాన్ని నింపి, మూత బిగించి, బంకులో దొంగచాటుగా పెట్రోలు పోసి ఇచ్చినట్టు నా చేతిలో పెట్టింది.

“సాంబారండి. ఇంకా జీవోలోకి రాలేదు. వచ్చేలోగా తాగెయ్యండి.”

గోడ చాటున నిలబడి తాగాను. ఎదురుగా మా కారు, కడుపు నిండా ఇడ్లీతో, పట్టపగలు దీపాలు వెలిగించుకుని, నా వంకే చూస్తోంది.